సఫోక్ కుటుంబం: 1851 జనగణన నుంచి వెనక్కి, పారిష్ రిజిస్టర్లు, వీలునామాల మీదుగా

#1 ఈస్ట్‌ఆంగ్లియా_తెలుగు

అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లిష్ కుటుంబానికి వంశవృక్షం కడుతున్నాం. 1837 తర్వాతది జనన, మరణ, పెళ్ళి సర్టిఫికెట్లతో తేలిపోయింది. చిక్కు అంతా దానికి ముందు.

1851 జనగణనలో ఇంటి పెద్ద వయసు 58. వ్యవసాయ కూలీ. పుట్టింది సఫోక్ కౌంటీలో బరీ సెంట్ ఎడ్మండ్స్ చుట్టుపక్కల ఒక చిన్న పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో వెతికితే అదే పారిష్‌లో, అదే పేరు, అదే ఇంటిపేరుతో రెండు బాప్తిస్మాలు వచ్చాయి. ఒకటి 1791, ఇంకోటి 1794. తండ్రులు వేరు. ఆన్‌లైన్‌లో ఉన్న చెట్లన్నీ 1791వాణ్ని పట్టుకుని 1600 దాకా వెళ్ళిపోయాయి. మనవాడు ఎవడో ఎలా తేల్చాలి? వీలునామాలు పనికొస్తాయా? వస్తే ఏ కోర్టువి చూడాలి?

#2 కరణంగారి_కవిలె

ముందు ఆ చెట్లని పక్కన పెట్టండి. ఒకరు తప్పు చేశారు, నలభైమంది కాపీ కొట్టారు. అవి నలభై సాక్ష్యాలు కావు, ఒకే తప్పుకి నలభై నకళ్ళు.

ఇప్పుడు అంకెలు. 1851 లెక్క మార్చి 30 రాత్రిది. ఆ రాత్రికి 58 నిండాయంటే 1792 మార్చి 31కీ 1793 మార్చి 30కీ మధ్య పుట్టి ఉండాలి. 1791లో బాప్తిస్మం అయినవాడికి అప్పటికి కనీసం 59. బాప్తిస్మం తేదీ చెప్పేది ఒక్కటే, ఆ రోజుకి బిడ్డ పుట్టి ఉన్నాడని. ఎన్నాళ్ళ క్రితం పుట్టాడో చెప్పదు. వారం కావచ్చు, నాలుగేళ్ళు కావచ్చు. కాబట్టి 1794వాడు 1792లో పుట్టి ఆలస్యంగా చర్చికి వెళ్ళినా లెక్క సరిపోతుంది.

ఆ కాలంలో ఆలస్యానికి ఒక కారణం కూడా ఉంది. 1783 నుంచి 1794 దాకా రిజిస్టర్‌లో ప్రతి ఎంట్రీకీ మూడు పెన్నీల స్టాంపు పన్ను. బీదలకి మినహాయింపు ఉండేది, అలాంటి ఎంట్రీల పక్కన 'పీ' అనో 'పాపర్' అనో కనిపిస్తుంది. బీదవాడినని రాయించుకోవడం ఇష్టం లేక, మూడు పెన్నీలు కట్టడమూ ఇష్టం లేక వాయిదా వేసినవాళ్ళు ఉన్నారు. పన్ను 1794 అక్టోబరులో పోయింది. మీ 1794 ఎంట్రీ ఏ నెలది? అదే రోజు అదే తల్లిదండ్రులకి ఇంకో బిడ్డ ఉందా? అసలు పేజీ చూసి చెప్పండి.

తర్వాత ఇద్దరినీ 'చంపి' చూడాలి. అంటే ఖననాల్లో వెతకాలి. 1791వాడు పసివాడిగానే పోయి ఉంటే కథ అక్కడితో అయిపోతుంది. 1813కి ముందు ఖననం ఎంట్రీలో వయసు చాలాసార్లు ఉండదు, 'ఫలానా వాళ్ళ కొడుకు' అనో 'శిశువు' అనో ఉంటుంది. 'కొడుకు' అని ఉంటే పిల్లాడనే అనుకోవచ్చు, కానీ పెళ్ళికాని పాతికేళ్ళవాణ్నీ అలా రాసినవి ఉన్నాయి.

#3 పాతరాతలు

కవిలె గారు చెప్పింది నిజమే గానీ జనగణన వయసు మీద అంత బరువు పెట్టకండి. చదువురాని కూలీకి తన వయసు ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ తెలియడం మామూలే. 1841, 1861 కూడా చూసి మూడూ పక్కపక్కన పెట్టండి. 1841 జూన్ 6 లెక్కలో పదిహేను దాటినవాళ్ళ వయసుని కింది ఐదుకి కుదించమన్నారు. 1791 జూన్ లోపు పుట్టినవాడైతే 50 అని, 1792-93వాడైతే 45 అని రావాలి. కుదించకుండా ఉన్న వయసే రాసేసిన ఎన్యూమరేటర్లూ (ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాళ్ళు) ఉన్నారు. పేజీలో మిగతా వయసులన్నీ ఐదు, సున్నాలతోనే ముగుస్తున్నాయేమో గమనించండి.

#4 ఈస్ట్‌ఆంగ్లియా_తెలుగు

1841లో 45. పేజీలో మిగతావన్నీ ఐదులు, సున్నాలే. 1794 ఎంట్రీ నవంబరు నెలది, అదే రోజు అదే తల్లిదండ్రులకి ఒక ఆడపిల్ల బాప్తిస్మం కూడా ఉంది! 1791వాడి ఖననం మాత్రం ఇండెక్స్‌లో దొరకలేదు.

#5 చర్చిగంట

ఇండెక్స్‌లో దొరకలేదంటే రిజిస్టర్‌లో లేదని కాదు. ఇండెక్స్ చేసినవాళ్ళకి అక్షరం అర్థం కాకపోవచ్చు, ఆ సంవత్సరాల సంపుటం ఇండెక్స్‌లోకే ఎక్కకపోవచ్చు. ఫ్యామిలీసెర్చ్ సేకరణల్లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళతో పోలిస్తే ఖననాలు పలుచన. ఫ్రీరెగ్ లాంటి వెబ్‌సైట్లలోనైతే ఏ పారిష్‌కి ఏ సంవత్సరాలు ఎక్కించారో ఆ పట్టిక ముందు చూడండి, పేరు తర్వాత. ఇంటిపేరు ఎన్ని రకాలుగా రాసి ఉండొచ్చో కాగితం మీద రాసుకోండి. పాదిరి చెవికి వినిపించినట్టు రాశాడు. మొదటి 'హెచ్' ఎగిరిపోవడం, లేనిచోట వచ్చి చేరడం తరచూ జరిగేదే.

రిజిస్టర్ పాడైపోతే ఇంకో దారి ఉంది. 1598 నుంచి ప్రతి పారిష్ ఏడాదికోసారి రిజిస్టర్ నకలు పై అధికారికి పంపాలి. వీటినే బిషప్ ట్రాన్స్‌క్రిప్టులు అంటారు. మీ సఫోక్‌లో చాలామటుకు ఆర్చ్‌డీకన్ (బిషప్ కింది అధికారి) దగ్గరికి వెళ్ళేవి కాబట్టి కేటలాగులో ఆర్చ్‌డీకన్ ట్రాన్స్‌క్రిప్టులు అని వెతకండి. రిజిస్టర్ బాగానే ఉన్నా నకలు ఒకసారి చూడటం మంచిది. ఒకదాంట్లో లేని ముక్క ఇంకోదాంట్లో దొరుకుతుంది. నకలు రాసేటప్పుడు ఎంట్రీలు వదిలేయడం కూడా మామూలే.

ఇంకోటి. సఫోక్‌లో ఇండిపెండెంట్ చాపెళ్ళు, అంటే అధికారిక చర్చిలో చేరనివాళ్ళ ప్రార్థన మందిరాలు, తక్కువేం కాదు. వాళ్ళ పిల్లలు పారిష్ చర్చి రిజిస్టర్‌లో ఉండకపోవచ్చు. 1837కి ముందరి ఇలాంటివాళ్ళ (నాన్‌కన్ఫార్మిస్ట్) రిజిస్టర్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 వరసలో, వాళ్ళలోనే క్వేకర్లనే శాఖవి ఆర్‌జీ 6లో ఉన్నాయి. పెళ్ళి మాత్రం 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు తప్ప అందరూ పారిష్ చర్చిలోనే చేసుకోవాలి. అందుకని బాప్తిస్మం దొరకని కుటుంబానికి పెళ్ళి దొరుకుతుంది.

#6 కరణంగారి_కవిలె

నవంబరు 1794, ఒకేరోజు ఇద్దరు పిల్లలు! పన్ను పోయిన మరుసటి నెల. ఇది గట్టి సూచనే. అయినా సూచనే, రుజువు కాదు.

1791వాడి ఖననం దొరకలేదు కాబట్టి ఇద్దరూ బతికారనే అనుకుని ఇద్దరి జీవితాలూ సమాంతరంగా రాయండి. ఒక పెద్ద కాగితం మధ్యలో గీత గీసి ఎడమ ఒకడు, కుడి ఒకడు. ఇక్కడ 1813 మీకు వరం. రోజ్ చట్టం వల్ల 1813 జనవరి 1 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, బాప్తిస్మానికి పేజీకి ఎనిమిది గళ్ళు. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, చేయించిన పాదిరి. ఆ పేరుతో ఉన్న తండ్రికి 1813 తర్వాత పుట్టిన పిల్లలందర్నీ తీయండి. ఒక తండ్రి కూలీ, ఇంకోడు కమ్మరి అయితే గీతకి ఇరువైపులా దానంతటదే విడిపోతారు. భార్యల పేర్లు కూడా వేరుగా ఉంటే ఇంకా సుఖం.

అలా విడదీస్తే 1851 కూలీ భార్య ఎవరో, పిల్లలు ఎవరో తేలుతుంది. కానీ ఆ కూలీ తండ్రి ఎవరో తేలదు. పెళ్ళి రిజిస్టర్‌లో తండ్రి పేరు 1837 జూలై తర్వాతే రాశారు. మొదటి భార్య పోయి 1837 తర్వాత మారుపెళ్ళి చేసుకున్నాడేమో చూడండి, అందులో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. లేదంటే పారిష్ పెట్టె తెరవాల్సిందే.

#7 పాతరాతలు

పారిష్ పెట్టె అంటే కొత్తవాళ్ళకి అర్థం కాదేమో. రిజిస్టర్లు కాక పారిష్ దగ్గరుండే మిగతా కాగితాలు: బీదల పన్ను లెక్కలు, అప్రెంటిస్ ఒప్పందాలు, సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్లు. కూలీల కుటుంబాలకి వీలునామా కంటే ఇవే పెద్ద దిక్కు.

1662 చట్టం ప్రకారం ప్రతి మనిషికీ ఒక 'సొంత పారిష్' ఉంటుంది. చేతకాని రోజు వస్తే పోషించాల్సింది ఆ పారిషే. అందుకని ఎవరైనా సాయం అడిగితే ఇద్దరు జస్టిస్‌ల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు వేసి రాసుకునేవారు. ఎక్కడ పుట్టావు, ఏడాది పూర్తిగా ఎవరి దగ్గర జీతానికి ఉన్నావు, అప్రెంటిస్‌గా ఎక్కడ చేశావు, ఏటా పది పౌండ్ల అద్దె ఎక్కడ కట్టావు. తనకంటూ హక్కు సంపాదించుకోకపోతే తండ్రి సెటిల్‌మెంటే వర్తిస్తుంది, అప్పుడు తండ్రి పేరు కూడా రాస్తారు. సఫోక్ ఆర్కైవ్స్ కేటలాగులో పారిష్ పేరుతో పాటు 'సెటిల్‌మెంట్', 'రిమూవల్' (సొంత పారిష్‌కి తిప్పి పంపడం) అని కొట్టండి. మనిషి పుట్టిన పారిష్ కాగితాల్లోనే కాదు, తర్వాత బతికిన పారిష్ కాగితాల్లో కూడా చూడాలి. సాయం అడిగింది అక్కడే కదా.

#8 స్టాంపుపేపరు

వీలునామాల సంగతి నేను చెప్తాను.

1858 జనవరి 12కి ముందు ఇంగ్లండ్‌లో వీలునామా రుజువు చేసేది చర్చి కోర్టులు. ఆస్తి ఎక్కడెక్కడ ఉందో దాన్నిబట్టి మెట్లు. ఒకే ఆర్చ్‌డీకనరీలో (ఒక ఆర్చ్‌డీకన్ పరిధి) ఉంటే ఆర్చ్‌డీకన్ కోర్టు. ఒకే డయాసిస్‌లో (ఒక బిషప్ పరిధి) రెండు ఆర్చ్‌డీకనరీల్లో ఉంటే బిషప్ కన్సిస్టరీ కోర్టు. ఒకటి కంటే ఎక్కువ డయాసిస్‌లలో ఐదు పౌండ్లకి మించి సరుకు ఉంటే ఆర్చ్‌బిషప్ ప్రెరోగేటివ్ కోర్టు, దక్షిణాన కాంటర్‌బరీ, ఉత్తరాన యార్క్.

మీది బరీ ప్రాంతం కాబట్టి మొదట సడ్‌బరీ ఆర్చ్‌డీకనరీ కోర్టు. సఫోక్ తూర్పు వైపు అయితే సఫోక్ ఆర్చ్‌డీకనరీ, అది ఇప్స్‌విచ్. రెండింటికీ పైన నార్విచ్ కన్సిస్టరీ, ఆ కాగితాలు నార్ఫోక్ రికార్డ్ ఆఫీసులో ఉన్నాయి. ఆ పైన కాంటర్‌బరీ, దాని నకళ్ళు నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 వరసలో, 1384 నుంచి 1858 దాకా. కింది మెట్టులో దొరకలేదని ఆగకండి. ఎగ్జిక్యూటర్‌కి (వీలునామా అమలు చేసేవాడు) ఇష్టమైతే నేరుగా పై కోర్టుకి వెళ్ళొచ్చు, డబ్బున్నవాళ్ళు పరువు కోసం కూడా వెళ్ళారు. 1653 నుంచి 1660 దాకా కింది కోర్టులు మూతపడ్డాయి, దేశం మొత్తానికి లండన్‌లో ఒకటే కోర్టు. ఆ ఏళ్ళవి కూడా ప్రాబ్ 11లోనే.

మధ్యలో 'పెక్యూలియర్'లు అనే పేచీ ఒకటుంది. చుట్టూ ఉన్న బిషప్ అధికారం చెల్లని చోట్లు. సఫోక్‌లోనే హాడ్లీ, మాంక్స్ ఈలీ, మౌల్టన్ పారిష్‌లు కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ సొంత పెక్యూలియర్‌లో ఉండేవి, ఎసెక్స్‌లోని బాకింగ్ డీనరీ కింద. పక్క పారిష్ వీలునామాలు బరీలో ఉంటే వీటివి అక్కడ ఉండవు. పారిష్ పేరు దొరకగానే అది ఏ అధికారం కిందికి వస్తుందో ఫ్యామిలీసెర్చ్‌వాళ్ళ 1851 ఇంగ్లండ్ జురిస్డిక్షన్స్ మ్యాప్‌లో నొక్కి చూడండి. చుట్టుపక్కల పారిష్‌ల జాబితా కూడా అదే ఇస్తుంది.

కూలీకి వీలునామా ఉంటుందా? చాలా అరుదు. కానీ కూలీ మేనత్తకి ఉండొచ్చు. పిల్లల్లేని పెదనాన్న, పెళ్ళికాని చిన్నమ్మ, చెప్పులు కుట్టే మామ, వీళ్ళ వీలునామాలే బంగారం. సొంత పిల్లలున్నవాడు నలుగురి పేర్లు రాసి ఊరుకుంటాడు, పిల్లల్లేనివాడు ముప్పైమంది బంధువులకి తలా ఐదు షిల్లింగులు పంచుతాడు. అందుకని ఒక మనిషి పేరు వెతకడం కాదు, ఆ ఇంటిపేరుతో ఆ పది మైళ్ళలో 1750 నుంచి 1830 దాకా ఉన్న ప్రతి వీలునామా తెరవండి. తల్లి పుట్టింటివైపు ఇంటిపేరుతో కూడా.

భర్త ఉన్న ఆడవాళ్ళ వీలునామాలు 1882కి ముందు దాదాపు ఉండవు, భర్త ఒప్పుకుంటే తప్ప. విధవరాలివీ, పెళ్ళికానివాళ్ళవీ ఉంటాయి.

#9 ఈస్ట్‌ఆంగ్లియా_తెలుగు

స్టాంపుపేపరు గారు, మీరు చెప్పినట్టు చుట్టుపక్కల పారిష్‌లన్నీ చూస్తే సడ్‌బరీ కోర్టులో ఒకటి తగిలింది. పక్క పారిష్‌లో చెప్పులు కుట్టే అతను. 1798లో రాసింది, 1801లో రుజువైంది. అతని ఇంటిపేరు మనది కాదు. కానీ లోపల 'నా అల్లుడు' అని 1794వాడి తండ్రి పేరు, మన ఇంటిపేరుతో సహా ఉంది. 'నా మనవడు' అని మనవాడి పేరు, ఇరవై ఒకటి నిండాక ఐదు పౌండ్లు. 'పెద్ద కొడుక్కి ఒక షిల్లింగ్' అని కూడా ఉంది. 'నా ప్రస్తుత భార్య' అన్నాడు, అంటే ముందు ఒక భార్య ఉన్నట్టేనా? అల్లుడంటే కూతురి మొగుడు కదా, కూతురి పేరు మాత్రం ఎక్కడా లేదు.

#10 స్టాంపుపేపరు

ఆగండాగండి. మీరు 'అల్లుడు' అని తెలుగులోకి మార్చేశారు, చిక్కంతా అక్కడే. కాగితం మీద ఉన్నది 'సన్-ఇన్-లా'. 19వ శతాబ్దం దాకా ఆ మాటకి రెండు అర్థాలు: కూతురి భర్త, లేదా భార్యకి మొదటి మొగుడి వల్ల పుట్టిన కొడుకు. 'మదర్-ఇన్-లా' అన్నా అంతే, అత్త కావచ్చు, సవతి తల్లి కావచ్చు. కూతురి పేరు లేకపోవడం చూస్తే నాకు రెండోదే అనిపిస్తోంది.

తేల్చే పద్ధతి సులువు. 1794వాడి తల్లిదండ్రుల పెళ్ళి వెతకండి. 1754 నుంచి ఎంట్రీలో వధూవరుల పారిష్, సంతకాలో రాయలేనివాళ్ళు గీసిన గుర్తులో, సాక్షులు ఉంటారు. వధువు పుట్టింటి పేరు చెప్పులు కుట్టే అతని పేరే అయితే కూతురి భర్త. కాకపోతే సవతి కొడుకు, అప్పుడు చెప్పులు కుట్టే అతను ఒక విధవరాలిని పెళ్ళాడిన ఎంట్రీ కోసం చూడాలి. ఆమె ఇంటిపేరు మనది అయ్యుంటుంది.

షిల్లింగ్ గురించి: కొడుకుని వెళ్ళగొట్టాడని రాసుకోకండి. పెద్దవాడికి అప్పటికే కొట్టో, పనిముట్లో, కాపీహోల్డ్ భూమో (జమీందారు కింద హక్కుతో ఉన్న భూమి) ఇచ్చేసి ఉంటే, మరిచిపోలేదు అని చూపడానికి ఒక షిల్లింగ్ రాయడం మామూలు. 'ప్రస్తుత భార్య' అన్నదీ ముందు భార్య ఉందని కాదు. ఈమె పోయి ఇంకొకామె వస్తే ఆస్తి ఆమెకి వెళ్ళకూడదని లాయర్ల జాగ్రత్త.

#11 చర్చిగంట

మన భాషలో ఉన్నవాళ్ళం ఇక్కడ రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. 'నెవ్యూ' అనగానే చేయి దానంతటదే మేనల్లుడు అని రాసేస్తుంది. వాడు అన్న కొడుకైతే? 'బ్రదర్' అన్నగారా తమ్ముడా కాగితం చెప్పదు, బావమరిదిని కూడా బ్రదర్ అన్నవాళ్ళున్నారు. 'కజిన్' అయితే మరీ, ఏ బంధువైనా కజినే. నోట్సులో మూలంలోని మాటే తెలుగు లిపిలో ఉంచేయండి, బంధుత్వం రుజువయ్యాకే తెలుగు మాట వాడండి. మన మాటల్లో ఉన్న కచ్చితత్వం ఆ కాగితంలో లేదు.

#12 పాతరాతలు

పేరు, బంధుత్వం రెండూ ఎలా మోసం చేస్తాయో చూడాలంటే అందరికీ తెలిసిన కుటుంబం ఒకటి ఉంది, స్ట్రాట్‌ఫర్డ్ షేక్స్‌పియర్లు. కవి సంగతి వదిలేసి కాగితాలు మాత్రం చూడండి.

1582 నవంబరు 27న వూస్టర్ బిషప్ రిజిస్టర్‌లో పెళ్ళి లైసెన్సు: వరుడు షేక్స్‌పియర్, వధువు టెంపుల్ గ్రాఫ్టన్‌కి చెందిన ఆన్ వాట్లీ. మర్నాడు 28న రాసిన నలభై పౌండ్ల పూచీ పత్రంలో వధువు స్ట్రాట్‌ఫర్డ్‌కి చెందిన ఆన్ హాథవే. రెండు పెళ్ళిళ్ళా? ఇండెక్స్ మాత్రమే చూసేవాళ్ళకి ఇద్దరు ఆడవాళ్ళు. బాప్తిస్మంతో తేల్చుదామంటే స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టర్ 1558లో మొదలైంది, ఆమె అంతకు ముందే పుట్టింది. 1623లో పోయినప్పుడు వయసు 67 అని సమాధి రాయి.

పోనీ తండ్రి రిచర్డ్ హాథవే 1581 వీలునామా చూద్దామంటే ఆన్ అనే కూతురే లేదు. ఆగ్నెస్ ఉంది, పెళ్ళిరోజున ఇవ్వమని పది మార్కులు, అంటే ఆరు పౌండ్ల పదమూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు. ఆన్, ఆగ్నెస్ అప్పట్లో ఒకే పేరు కింద లెక్క. ఇది ఊహ కదా అంటారా? పెళ్ళి పూచీ పత్రంలో హామీదార్లు ఫల్క్ శాండెల్స్, జాన్ రిచర్డ్‌సన్. అదే శాండెల్స్ రిచర్డ్ హాథవే వీలునామాకి పర్యవేక్షకుడు, అదే రిచర్డ్‌సన్ సాక్షి. ముడి పడింది అక్కడ. పేరు కాదు ముడి వేసింది, చుట్టూ ఉన్న మనుషులు. అందుకే సాక్షుల్నీ హామీదార్లనీ వదలకుండా రాసుకోమని ఈ వేదికలో వందసార్లు మొత్తుకుంటాం.

ఇంకా ఉంది. 1616 వీలునామాలో కవి తన మనవరాలు ఎలిజబెత్ హాల్‌ని 'నీస్' అన్నాడు. చెల్లెలు జోన్ హార్ట్ ముగ్గురు కొడుకుల్లో ఒకడి పేరు దగ్గర ఖాళీ వదిలేశారు, పేరు గుర్తు రాలేదు కాబోలు. ఆ ఒక్క కాగితమే ఆధారమైతే మనవరాలు మేనకోడలైపోను, ఒక మేనల్లుడు పేరు లేకుండా పోను.

తేదీల సంగతి కూడా అక్కడే నేర్చుకోవచ్చు. 1752 దాకా ఇంగ్లండ్‌లో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కూతురు జూడిత్ పెళ్ళి రిజిస్టర్‌లో 1615 ఫిబ్రవరి 10, వీలునామా 1616 మార్చి 25. చూడ్డానికి ఏడాది పైన దూరం, నిజానికి ఆరు వారాలు. జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న పాత తేదీలని 1615/16 అని రెండంకెలతో రాసుకోండి. లేకపోతే జనవరిలో పుట్టిన బిడ్డ, ముందటి జూన్‌లో పెళ్ళయిన తల్లికి పెళ్ళికి ముందే పుట్టినట్టు కనిపిస్తాడు.

#13 కరణంగారి_కవిలె

దానికి ఒక చిన్న తోక. స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టర్‌లో షేక్స్‌పియర్ 1564 ఏప్రిల్ 26 బాప్తిస్మం ఎంట్రీ మనం చూసేది 1564లో రాసింది కాదు. 1600 దాకా అంతా ఒకే చేతిరాతలో ఉన్న తోలుకాగితం నకలు, ప్రతి పేజీ కింద వికార్ (పారిష్ పాదిరి) సంతకం. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో రిజిస్టర్లు మొదలైనా ఎక్కువ చోట్ల కాగితం మీద రాశారు. 1598లో తోలుకాగితం మీదికి ఎత్తి రాయమన్నారు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి ఏలుబడి మొదలైన 1558 నుంచి అన్నారు. ఆ ముక్క పట్టుకుని చాలామంది పాదిర్లు అంతకు ముందరి ఇరవై ఏళ్ళూ వదిలేశారు. అందుకే ఇన్ని పారిష్‌లు 1558లో మొదలవుతాయి.

ఇలా తెలిసుంటే, పేజీ అంతా ఒకే సిరా, ఒకే చేయి, తప్పుల్లేని వరస కనిపించగానే అనుమానం రావాలి. రోజూ రాసిన రిజిస్టర్ అలా ఉండదు. కలం మారుతుంది, సిరా పలుచనవుతుంది, మర్చిపోయినవి పక్కన ఇరికిస్తారు.

#14 సిరాచుక్క

1700కి ముందు వీలునామాలు చదవలేకపోతున్నాను. ఆ కాలపు చేతిరాత సెక్రటరీ హ్యాండ్‌కి ఏదైనా చిట్కా?

#15 పాతరాతలు

తెలిసిన వాక్యంతో మొదలుపెట్టండి. దాదాపు ప్రతి వీలునామా 'ఇన్ ద నేమ్ ఆఫ్ గాడ్ ఆమెన్' అనే మొదలవుతుంది, తర్వాత ఆత్మని దేవుడికి, శరీరాన్ని మట్టికి అప్పగించడం. ఆ నాలుగు పంక్తుల్లో అక్షరాలు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. వాటినుంచి ఆ గుమాస్తా రాసే అక్షరమాల మీరే గీసుకోండి. 'సీ' ఇప్పటి 'ఆర్'లా ఉంటుంది, 'ఈ' వెనక్కి తిరిగి ఉంటుంది, 'హెచ్' తోక గీత కిందికి వేలాడుతుంది, పొడుగు 'ఎస్' 'ఎఫ్'లా కనిపిస్తుంది. రెండు చిన్న 'ఎఫ్'లు పక్కపక్కన ఉంటే అది పెద్ద 'ఎఫ్', ఇంటిపేరులో రెండు 'ఎఫ్'లు ఎక్కించకండి. 'పీ' కాలికి అడ్డగీత ఉంటే 'పర్' లేదా 'పార్'. రోమన్ అంకెల్లో చివరి ఒకటి 'జే'లా ఉంటుంది.

అర్థం కాని మాటని ఊహించి పూరించకండి, చుక్కలు పెట్టి ముందుకెళ్ళండి. రెండో పేజీలో అదే మాట స్పష్టంగా వస్తుంది. వీలునామా చివర రుజువు ముక్క 1733 దాకా లాటిన్‌లో ఉంటుంది, అందులో కావలసింది తేదీ, ఎగ్జిక్యూటర్ పేరు. రిజిస్టర్‌లో లాటిన్ అయితే ఫిలియస్ కొడుకు, ఫిలియా కూతురు, ఉక్సోర్ భార్య, విడువా విధవరాలు, సెపుల్టుస్ ఖననమైనవాడు. గులియెల్ముస్ అంటే విలియమ్, ఈజిడియుస్ అంటే జైల్స్.

#16 మద్రాసురికార్డు

ఇంకో మాట. సఫోక్ నుంచి ఎవరైనా మాయమైతే మన వైపు కూడా చూడండి. కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చినవాళ్ళ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్ పంపేవారు. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరసలో, 1698 నుంచి. మచిలీపట్నం, విశాఖపట్నం ఆ ప్రెసిడెన్సీలోవే. వీలునామాలు, ఆస్తి జాబితాలు ఎల్/ఏజీ/34 కింద. ఇంగ్లండ్‌లో కూడా ఆస్తి ఉండి విదేశంలో చనిపోతే కాంటర్‌బరీ కోర్టు, అంటే ప్రాబ్ 11. చెన్నపట్నం కోటలో పోయినవాడి వీలునామాలో సఫోక్ అన్నదమ్ముల పేర్లు దొరకడం వింతేం కాదు.

#17 ఈస్ట్‌ఆంగ్లియా_తెలుగు

దొరికింది! వరసగా చెప్తాను.

1794వాడి తల్లిదండ్రుల పెళ్ళి 1786. వధువు 'స్పిన్‌స్టర్', అంటే అంతకు ముందు పెళ్ళికానిది, ఆమె ఇంటిపేరు చెప్పులు కుట్టే అతనిది కాదు. అతని పారిష్ రిజిస్టర్‌లో 1770లో అతను ఒక 'విడో'ని పెళ్ళాడాడు, ఆమె ఇంటిపేరు మనదే. గుర్తు వేసింది, సంతకం కాదు.

1813 తర్వాత బాప్తిస్మాల్లో ఇద్దరు తండ్రులు విడిపోయారు, ఒకడు కూలీ, ఒకడు కమ్మరి, భార్యలు వేరు. 1851 ఇంట్లో ఉన్న భార్య కూలీ భార్యే. తర్వాత బతికిన పారిష్ కాగితాల్లో 1822 సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్ ఉంది. 'సుమారు ముప్పై ఏళ్ళు', పుట్టిన పారిష్, తండ్రి పేరు. 1794వాడి తండ్రే.

#18 స్టాంపుపేపరు

అయితే 'సన్-ఇన్-లా' సవతి కొడుకే. 'గ్రాండ్‌సన్' అంటే భార్య మనవడు, రక్తసంబంధం లేదు. కూతురి మొగుడని పొరబడి ఉంటే ఆ చెప్పులు కుట్టే అతని పూర్వీకుల్ని 1600 దాకా మోసేవాళ్ళు మీరు.

మిగిలింది ఆ విధవరాలి మొదటి భర్త. 1770కి ముందు పోయాడు. కొడుకు 1786లో పెళ్ళి చేసుకున్నాడు కనక 1750 నుంచి 1770 దాకా ఖననాలు చూడండి. అదే ఇంటిపేరుతో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు తగులుతారు, ఎంట్రీలో వయసు ఉండదు. అప్పుడు అడ్మినిస్ట్రేషన్ బాండ్లు చూడాలి. వీలునామా లేకుండా పోతే కోర్టు ఆస్తి అప్పగించేది సాధారణంగా విధవరాలికే, ఆమె పేరు, సంతకమో గుర్తో, ఇద్దరు హామీదార్లు బాండ్ మీద ఉంటారు. సడ్‌బరీ కోర్టు ఇండెక్స్‌లో వీలునామాల జాబితా వేరు, అడ్మినిస్ట్రేషన్ల జాబితా వేరు, రెండోది చాలామంది తెరవరు. ఆమె మొదటి పేరు మీకు 1770 ఎంట్రీలో ఉంది కాబట్టి బాండ్ దొరికితే పోల్చడం నిమిషం పని.

#19 కరణంగారి_కవిలె

హామీదార్ల పేర్లు ఇక్కడ పెట్టకముందు 1770 పెళ్ళి సాక్షుల పేర్లతో ఒకసారి సరిచూసుకోండి. ప్రతి పెళ్ళిలోనూ అదే పేరు సాక్షిగా కనిపిస్తే వాడు బంధువు కాదు, చర్చి గుమాస్తా.